ఈ రెండు రాళ్లలో పెద్దది ఏది?

(వజ్రపుటుంగరం కొనబోయే కుటుంబాల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఈ పళ్లెంలో నల్లగుడ్డ మీద రెండు వజ్రాలు ఉన్నాయి. ఇప్పుడు ఉంగరంలో లేని విడిరాళ్లు. పళ్లాన్ని ముందు వరుస నుంచి వెనక్కి అందించండి. రాళ్లను వేళ్లతో ముట్టుకోకండి, ఎందుకో తర్వాత చెబుతాను. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. రెండింటిలో ఏది పెద్దదిగా ఉందో చూసి చెప్పండి.

కుడివైపు రాయికే ఎక్కువ చేతులు లేచాయి. ఇప్పుడు తూకం చెబుతాను. మీరు పెద్దది అన్న కుడి రాయి 0.91 క్యారట్. చిన్నది అన్న ఎడమ రాయి 1.01 క్యారట్.

మీ కళ్లు పొరపడలేదు. కొలతలు చూడండి. ఎడమ రాయి వెడల్పు 6.22 మిల్లీమీటర్లు, లోతు 4.15. కుడి రాయి వెడల్పు 6.25, లోతు 3.84. క్యారట్‌లో నూరో వంతును సెంటు అంటారు. అంటే పది సెంట్లు ఎక్కువ తూగే రాయి, పైనుంచి చూస్తే వెంట్రుకవాసి చిన్నది. ఆ అదనపు బరువంతా నడుము దగ్గర, అంటే రాయి చుట్టూ ఉండే అంచు దగ్గర, అడుగున ఉంది. పొదిగాక బంగారం చాటున ఉండిపోయే చోట ఉంది. ఇంకొక మాట. 0.03 మిల్లీమీటర్ల తేడా మామూలు కంటికి తెలిసేది కాదు. కుడి రాయి మీకు పెద్దదిగా తోచడానికి అసలు కారణం, అది అంచు దాకా వెలగడం. ఎడమ రాయి అంచులు మసగ్గా ఉన్నాయి, నడిమధ్య నల్లగా ఉంది. వెలగని భాగాన్ని కన్ను లెక్కలోకి తీసుకోదు.

ధర మాత్రం ఎడమ రాయికే ఎక్కువ. ఒక క్యారట్ గీత దాటింది కాబట్టి.

ఈ ఒక్క విషయం చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. మన ఊళ్లలో దుకాణానికి వెళ్లినప్పుడు మనం అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఎన్ని సెంట్లు? వీవీఎస్ కదా? ఈఎఫ్ కలర్ కదా? బరువు, నిర్మలత్వం, రంగు, ఈ మూడూ అడిగి, బంగారం తూకం చూసుకుని, మజూరీ దగ్గర గంటసేపు బేరమాడి, తృప్తిగా ఇంటికి వస్తాం. సాన ఎలా ఉంది అని అడిగేవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. కట్ ఏమిటి అని ఎవరైనా అడిగినా, ‘రౌండ్ కట్ అండీ’ అని జవాబు వస్తుంది. రౌండ్ అనేది ఆకారం. కట్ అంటే ఆ ఆకారంలో 58 పలకలను ఏ వాలులో, ఎంత కచ్చితంగా సాన పట్టారన్నది. రంగునూ నిర్మలత్వాన్నీ భూమి ఇస్తుంది. మనిషి చేతిలో ఉన్నది సాన ఒక్కటే. వెలుగు దాని నుంచే వస్తుంది.

ఎలా వస్తుందో చెబుతాను, ఇది తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. వజ్రం లోపలికి వెళ్లిన కాంతి అంత సులువుగా బయటికి రాలేదు. లోపలి గోడను దాదాపు నిటారుగా, అంటే గోడకు లంబంగా గీసిన గీతకు 24 డిగ్రీల లోపు కోణంలో తాకితేనే దాటిపోతుంది. అంతకంటే ఏటవాలుగా తాకితే అద్దం మీద పడినట్టు వెనక్కి తిరుగుతుంది. గాజుకైతే ఆ హద్దు 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, అందుకే గాజు నుంచి కాంతి సులువుగా జారిపోతుంది. వజ్రం అడుగు భాగం గరాటులా ఉంటుంది కదా, దాని గోడలు సరైన వాలులో ఉంటే కాంతి ఒక గోడను తాకి, ఎదుటి గోడను తాకి, మళ్లీ పైకి, మన కంటికి వస్తుంది. గోడలు మరీ ఏటవాలుగా దిగితే రెండో గోడను నిటారుగా తాకి కిందికి కారిపోతుంది. మధ్యలో నల్లటి మచ్చలా కనిపించేది ఇదే. అడుగు మరీ పల్చనైతే మొదటి గోడ దగ్గరే జారిపోతుంది. అప్పుడు నడుము నీడ లోపల తెల్లటి ఉంగరంలా కనబడుతుంది, వ్యాపారంలో దాన్ని చేప కన్ను అంటారు.

ఆ వాలు ఎంత ఉండాలో 1919లోనే లెక్క కట్టి చూపించినవాడు ఆంట్‌వెర్ప్ వజ్రాల కుటుంబంలో పుట్టిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ. అడుగు భాగం 40.75 డిగ్రీలు, పై భాగం 34.5 డిగ్రీలు, పైన బల్లలా ఉండే పెద్ద పలక మొత్తం వెడల్పులో 53 శాతం. నూరేళ్లు దాటినా ఆ అంకెల చుట్టుపక్కలే మంచి రాళ్లన్నీ తిరుగుతున్నాయి.

లెక్క తెలిసినా లోతైన రాళ్లు ఎందుకు వస్తున్నాయి? సూరత్‌లో సాన పట్టేవాళ్లకు పని రాకనా? కానే కాదు. ప్రపంచంలోని వజ్రాల్లో సింహభాగం వాళ్ల చేతుల మీదుగానే వెళుతుంది, వాళ్ల నైపుణ్యం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ముడిరాయి ముందు పెట్టుకున్నప్పుడు వాళ్లు లెక్క వేసుకుంటారు. సరైన వాలులో పడితే 0.91 మిగులుతుంది. అడుగు కొంచెం లోతుగా, నడుము కొంచెం మందంగా వదిలితే 1.01 మిగులుతుంది. కొనేవాడు అడిగేది బరువే అయినప్పుడు ఏది వదులుతారు? అర క్యారట్, ముప్పావు దగ్గర, 90 సెంట్లు, ఒక క్యారట్ గీతల దగ్గర ధర మెట్టు ఎక్కుతుంది. ఆ మెట్టు ఎక్కించడానికే చాలా రాళ్లు లావవుతున్నాయి. తప్పు చేతిలో లేదు, మనం అడిగే ప్రశ్నలో ఉంది.

ఈ పెనుగులాట మన కృష్ణా తీరంలో పాతదే. పల్నాడు వైపు కొల్లూరు గనుల్లో దొరికిన ఒక మహావజ్రం గురించి ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. ముడిగా దాదాపు 787 క్యారట్లట. మొగల్ దర్బారులో హోర్టెన్సియో బోర్జియో అనే వెనిస్ పనివాడికి సాన పట్టమని ఇస్తే 280 క్యారట్ల దగ్గరకు తెచ్చాడు. చక్రవర్తి మండిపడి, కూలి ఇవ్వకపోగా 10,000 రూపాయల జరిమానా వేశాడు. బరువు పోగొట్టినందుకు శిక్ష అది.

కోహినూరు కథ దీనికి అటువైపు. అదీ కొల్లూరుదేనని ఎక్కువమంది నమ్మకం. 1851లో లండన్ ప్రదర్శనలో దాన్ని పంజరంలో పెట్టి చూపిస్తే జనం పెదవి విరిచారు. పాత పద్ధతిలో, బరువు పోకుండా చెక్కిన రాయి. గ్యాసు దీపాలు పెట్టి చూశారు, అయినా తళుకు రాలేదు. మరుసటి ఏడాది రాణి భర్త ఆల్బర్ట్ పూనుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లను రప్పించాడు. 38 రోజులు, 8,000 పౌండ్ల ఖర్చు. పాత క్యారట్లలో 186 తూగిన రాయి ఇప్పుడు 105.6. నలభై శాతానికి పైగా ధూళైపోయింది. అంత బరువు వదిలాక వచ్చిన వెలుగు మనకు తెలుసు. ఆ పాత రూపం పోవడం చరిత్రకు నష్టమని బాధపడేవాళ్లు ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకడిని. కానీ బరువుకూ వెలుగుకూ మధ్య బేరం ఎలా ఉంటుందో ఇంతకంటే స్పష్టంగా చూపే రాయి లేదు.

ఇప్పుడు పళ్లెంలోని ఎడమ రాయి సంగతి. అది మా చెల్లెలిది. 2003లో దాని నిశ్చితార్థానికి నాన్నగారు భవిష్యనిధి నుంచి డబ్బు తీసి కొన్నారు. పెద్ద దుకాణం, పేరున్న చోటు. రంగు ‘ఈ’ (E), వీవీఎస్ 1, ఒక క్యారట్ దాటింది. నాన్నగారు కాగితం మీద మూడు అంకెలూ మూడుసార్లు చదివించుకున్నారు. దుకాణంలో పైనుంచి పడే చిన్నచిన్న దీపాల కింద ఆ రాయి భగ్గుమంది. ఇంటికి తెచ్చి ట్యూబులైటు కింద పెట్టెలోంచి తీశాం. అమ్మ కాసేపు తిప్పి తిప్పి చూసి, తుడవాలేమో అంది. తుడిచింది. మళ్లీ తుడిచింది. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. నేను రాళ్ల చదువులోకి రావడానికి ఆ సాయంత్రమే కారణం. వజ్రాలను పరీక్షించి కాగితం ఇచ్చే సంస్థ జీఐఏ. అది రౌండ్ రాళ్లకు కట్ గ్రేడు ఇవ్వడం 2006లో మొదలైంది, కాబట్టి మా కాగితం మీద ఆ వరుసే లేదు. కానీ లోతు, వెడల్పులో 66.7 శాతం అని మాత్రం అప్పుడే అచ్చయి ఉంది. ఆ అంకె ఏం చెబుతోందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మినవారు చెప్పలేదు.

ఇప్పుడు మీ డబ్బు సంగతికి వద్దాం. ఉంగరానికి లక్షన్నర పెట్టగలం అనుకోండి. అందులోంచి ముందు బంగారం, మజూరీ, 3 శాతం జీఎస్టీ తీసేయండి. వజ్రాల ఉంగరాలు ఎక్కువగా 18 క్యారట్ల బంగారంతో చేస్తారు, లోపల 750 అనే ముద్ర, హెచ్‌యూఐడీ అనే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య ఉండాలి. ఆ క్యారట్ స్వచ్ఛతకు కొలత, రాతి క్యారట్ బరువుకు కొలత, 200 మిల్లీగ్రాములు. తీసేయగా మిగిలినదే రాయి డబ్బు. ఆ డబ్బును ముందు సాన మీద పెట్టండి. ఆ తర్వాత రంగు, నిర్మలత్వం కంటికి తెలిసేంత వరకే. చివరకు మిగిలిన దానికి ఎంత బరువు వస్తే అంత.

రంగు గురించి. డి నుంచి జెడ్ వరకు ఉంటుంది గ్రేడు, డి అంటే పూర్తిగా తెల్లన. మన ఇళ్లలో ఉంగరం పసుపు బంగారంతోనే చేయించుకుంటారు చాలామంది. పసుపు బంగారంలో హెచ్, ఐ, జె రాళ్లు తెల్లగానే కనిపిస్తాయి, చుట్టూ ఉన్న పసుపు ముందు రాయిలోని పసుపు తేలిపోతుంది. డి, ‘ఈ’ (E) రంగులకు అదనంగా పెట్టిన డబ్బు ఆ పసుపులో కరిగిపోతుంది. తెల్ల బంగారమో ప్లాటినమో అయితే జి, హెచ్ దగ్గర ఆగండి.

నిర్మలత్వం దగ్గరే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. వీవీఎస్ అంటే పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద నిపుణుడు కూడా వెతికి పట్టుకోవలసిన చుక్క. వీఎస్ 2 రాయిలో ఉన్న చుక్క మామూలు కంటికి కనిపించదు. ఎస్ఐ 1 రాళ్లలో కూడా చాలా వాటిలో కనిపించదు, అయితే అవి ఒక్కొక్కటిగా చూసి ఎంచాలి. చుక్క అంచున ఉంటే పొదిగే కొక్కెం కింద దాగిపోతుంది, నడిమధ్య నల్లగా ఉంటే వద్దు. వజ్రం దోషం లేనిదై ఉండాలని పెద్దలు పట్టుబడితే వాళ్ల నమ్మకాన్ని నేను కాదనను. అది ఇంటి విషయం. కానీ ఆ పట్టుదల కోసం సానను వదులుకుంటే, ఎవరికీ కనిపించని శుభ్రత కొని అందరికీ కనిపించే వెలుగు వదులుకున్నట్టే.

బరువు దగ్గర తగ్గడానికి భయపడకండి. బాగా సాన పట్టిన క్యారట్ రాయి వెడల్పు సుమారు 6.5 మిల్లీమీటర్లు. 95 సెంట్లది దానికంటే దాదాపు 0.11 మిల్లీమీటర్లు తక్కువ. ఒక కాగితం మందం ఎంతో తెలుసా? సుమారు 0.1. 50 సెంట్లకూ 48 సెంట్లకూ తేడా ఆ కాగితం మందం కూడా లేదు. ధరలో మాత్రం మెట్టు దిగుతుంది. గీత కింద ఆగిన, సాన మంచిదైన రాయి దొరికితే వదలకండి, అలాంటివి తక్కువగానే వస్తాయి, ఎందుకో ఇందాకే విన్నారు.

ఇక సాన మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? రౌండ్ రాయైతే కాగితం మీద కట్ ఎక్సలెంట్ అని ఉండాలి. అది చాలదు. ఎక్సలెంట్ అనేది ఒక పొడవాటి అరుగు, దాని ఈ చివర కూర్చున్నదీ ఆ చివర కూర్చున్నదీ ఒకలా వెలగవు. అందుకని నాలుగు అంకెలు రాసుకుని వెళ్లండి. లోతు 60 నుంచి 62.5 శాతం, పై పలక 54 నుంచి 58, పై వాలు 34 నుంచి 35 డిగ్రీలు, అడుగు వాలు 40.6 నుంచి 41. ఈ హద్దుల్లో ఉన్న రాయి చాలావరకు మిమ్మల్ని నిరాశపరచదు. నాలుగింటిలో అడుగు వాలే ముఖ్యం, అక్కడ చిన్న తేడా కూడా కంటికి తెలుస్తుంది. అలాగని మరీ పిచ్చిగా వెంటపడవద్దు. ప్రత్యేకమైన పరికరంలో చూస్తే బాణాలు, హృదయాల ఆకారాలు కనిపించే రాళ్లని అదనపు ధర చెబుతారు, అవి అందంగా ఉంటాయి, కానీ చిన్న బడ్జెట్‌లో ఆ చివరి అంగుళం కోసం అప్పు చేయనక్కరలేదు. ఉంగరం చుట్టూ పొదిగే రెండు మూడు సెంట్ల చిన్న రాళ్లకూ ఈ లెక్కలు వద్దు. కోడిగుడ్డు ఆకారం, చతురస్రం వంటి వాటికి జీఐఏ కట్ గ్రేడు ఇవ్వదు, అక్కడ కన్నే కొలబద్ద. కోడిగుడ్డు ఆకారంలో మధ్యలో అడ్డంగా నల్లటి ముడిలా కనిపిస్తే ఇంకొకటి చూపించమనండి.

పాత కమ్మలు, ముక్కుపుడకల్లోని రాళ్లకు, పెద్దగా చెక్కకుండా వాడే పోల్కీ రాళ్లకు నేను చెప్పిన అంకెలేవీ వర్తించవు. నూనె దీపం వెలుగుకు చెక్కిన రాళ్లవి, వాటి అందం వేరు. దయచేసి అమ్మమ్మ కమ్మలను మార్చేసి కొత్త ఉంగరం చేయించకండి.

దుకాణంలో చేయవలసిన పని ఒకటుంది. పైనుంచి పడే దీపాల కింద ఏ రాయైనా నిప్పులు చిమ్ముతుంది, గాజు కూడా. రాయిని ఆ దీపాల కింది నుంచి తప్పించి కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లనివ్వకపోతే బల్ల కింద నీడలో పెట్టి చూడండి, లేదా అరచేతిని పైన గొడుగులా పట్టండి. ఆ మసక వెలుగులో కూడా అంచు దాకా తెల్లగా ఉంటే అది మంచి సాన. రెండు రాళ్లు పక్కపక్కన పెట్టమనండి, ఒంటరిగా ఉన్న రాయి ఎప్పుడూ బాగానే ఉంటుంది. నడుము మీద లేజరుతో చెక్కిన సంఖ్య కాగితం మీది సంఖ్యతో కలుస్తోందో భూతద్దంలో చూపించమని అడగండి. మొత్తం ఒక క్యారట్ అని రాసి ఇరవై చిన్న రాళ్లు కూర్చిన ఉంగరం చూపిస్తే, అది ఒకే క్యారట్ రాయి ధరకు సమానం కాదని గుర్తుంచుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు ఎంత తగ్గిస్తారో బిల్లు మీదే రాయించుకోండి, నోటిమాట వద్దు.

ప్రయోగశాలలో పెంచిన వజ్రాల గురించి చాలామంది అడుగుతున్నారు. అవీ వజ్రాలే, కంటితో తేడా పట్టలేం. ధర చాలా తక్కువ, మళ్లీ అమ్మితే వచ్చేది ఇంకా తక్కువ. పెట్టుకోవడానికి కొనుక్కుంటే తప్పేమీ లేదు, బిల్లు మీద ఆ మాట స్పష్టంగా ఉండాలి. అక్కడ ముడిరాయికి విలువ తక్కువ కాబట్టి బరువు మిగుల్చుకోవడానికి సాన పాడుచేశాం అనే సాకు కూడా లేదు. ఎక్సలెంట్ కంటే తక్కువది ఒప్పుకోకండి.

మా చెల్లెలి రాయి గతేమిటని వెనక వరుసలోని అమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్న. దాన్ని మళ్లీ సాన పట్టించవచ్చు. అడుగు వాలు తగ్గించి, నడుము పల్చన చేస్తే 6.1 మిల్లీమీటర్ల వెడల్పుతో సుమారు 85 సెంట్లు మిగులుతుందని నా అంచనా. బాగా వెలుగుతుంది. కానీ క్యారట్ గీత కిందికి పోతుంది కాబట్టి అమ్మే ధర పడిపోవచ్చు. అమ్ముకోవాలంటే అలాగే ఉంచాలి, పెట్టుకోవాలంటే సాన పట్టించాలి. ఈ మాట చెల్లెలికి చెప్పి రెండేళ్లయింది. నాన్నగారు కొన్న బరువు తగ్గించడానికి దానికి మనసు రాలేదు. పోయిన నెల తనే ఉంగరంలోంచి రాయి తీయించి నా చేతికిచ్చింది. వచ్చే వారం ఆ రాయి సానకు వెళుతోంది. ఈ రూపంలో దాన్ని చూసేవాళ్లలో మీరే చివరివాళ్లు కావచ్చు.

ముట్టుకోవద్దని ఎందుకన్నానో చెప్పి ముగిస్తాను. వజ్రానికి నీరు అంటదు, నూనె అంటుకుంటుంది. గనుల్లో రాళ్లమట్టిలోంచి వజ్రాలను వేరుచేయడానికి గ్రీజు పూసిన బల్లలు వాడేది అందుకే. వేలి జిడ్డు చాలు, ఎంత మంచి సానైనా మసకబారుతుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు చుక్క వేసి, మెత్తటి బ్రష్‌తో రాతి కింది భాగం రుద్దండి, వారానికోసారి చాలు. ఎండ ఇంకో పావుగంట ఉంటుంది. పళ్లెం నా దగ్గరికి పంపండి, అటువైపు కిటికీ తెరిచారు. ఐదుగురు ఐదుగురుగా వచ్చి, అరచెయ్యి నీడపట్టి రెండింటినీ చూడండి. ముందు కుడిది, తర్వాత ఎడమది.